రెండు వరుసల ముందున్న తల

మా బావకు ఉన్నది ఒక్కటే గర్వం, తన చెయ్యి. వీధిలో అందరూ ఆయన్ని సెలూనాయన అంటారు. రెండు తిరిగే కుర్చీలు, గోడంత అద్దం, నీళ్ళు చిమ్మే సీసా, కత్తి నూరుకునే తోలు పట్టీ. ఇరవై ఐదేళ్ళకు పైగా అదే ఆయన ప్రపంచం. చెవి పక్కన జుట్టు ఒక్క నూలు పోగంత ఎక్కువ తక్కువైనా ఒప్పుకోడు. పనిలో వంక పెట్టబోయిన మనిషి బతికి బట్టకట్టిన దాఖలా లేదు, నోటితోనే నంజుకు తినేస్తాడు.

అలాంటి మనిషికి రెండేళ్ళుగా దగ్గరి వస్తువులు కంటికి ఆనడం లేదు. దూరానివి బ్రహ్మాండంగా కనిపిస్తాయి. వీధి మలుపులో ఉన్న బస్సు నంబరు నాకంటే ముందు ఆయనే చెప్తాడు. పేపరు మాత్రం చెయ్యి చాచి చదువుతాడు. ఈమధ్య చెయ్యి కూడా చాలక నన్ను పట్టుకోమంటున్నాడు. కళ్ళజోడు పెట్టుకోమని అక్క అడిగినప్పుడల్లా ఒంటికాలి మీద లేచేవాడు. ఒకరోజు మాత్రం లేవలేదు. గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు.

"చూపు తగ్గిందని తెలిశాక నా కత్తి కింద గొంతు ఎవడు పెడతాడే? కళ్ళజోడు పెట్టుకోవడమంటే నా అంతట నేను బోర్డు కట్టుకోవడమే."

అక్క ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. నాకైతే ఆయన మీద జాలేసింది. కానీ మరదలిని కదా, జాలి చూపిస్తే మర్యాదగా ఉండదని మర్నాడు మళ్ళీ ఆటపట్టించాను.

వాళ్ళ పాతికేళ్ళ పెళ్ళిరోజుకు సాయంత్రం ఆటకు టికెట్లు నేనే తీశాను. ఆట అయ్యాక ఎదురుగా మేడ మీదున్న హోటల్లో భోజనానికి టేబులు కూడా చెప్పి ఉంచాను. మూడు టికెట్లెందుకని బావ అడిగాడు. డబ్బు పెట్టినదాన్ని ఇంట్లో వదిలేసి వెళ్ళడం ధర్మమా అన్నాను. అక్క ఒక షరతు పెట్టింది. ఈ ఒక్క పూట తలల గురించి, జుట్టు గురించి మాట్లాడకూడదు. బావ బుద్ధిగా తలూపాడు.

ఆ బుద్ధి అరగంట నిలిచింది. తెర మీద హీరో ఓడెక్కి వెళ్ళిపోతున్నాడు. ఎండలో సముద్రం మెరిసిపోతోంది. ఆ వెలుగు హాల్లో అందరి తలల మీదా పడింది. అక్క కళ్ళు తుడుచుకుంటోంది. బావ మోచేత్తో నన్ను పొడిచాడు.

"మరదలా, రెండు వరుసల ముందు ఆ తల చూశావా? కుడిచెవి మీద ఒక గీత, ఎడమచెవి మీద ఒక గీత. రెండింటికీ మాటల్లేవు."

నేను చూశాను. నిజంగానే ఎగుడుదిగుడుగా ఉంది. మెడ దగ్గరైతే ఎలుక కొరికినట్టుంది. ఇక చూడండి మా బావ సంబరం. హీరో ఓడ మునిగిపోతుంటే ఈయన కిసుక్కున నవ్వుతాడు. ఇలాంటి పనివాడి చేతిలో కత్తెర లాక్కుని కొబ్బరిపీచు ఇవ్వాలన్నాడు. ఆ తల ఎక్కడో చూసినట్టే ఉందిగానీ ఎవరిదో తెలియడం లేదన్నాడు. ఇంటర్వెల్లో వెళ్ళి, ఎక్కడ చేయించుకున్నారో అడిగి మరీ వస్తానన్నాడు. అక్క ఆయన తొడ మీద గట్టిగా గిల్లింది.

ఇంటర్వెల్ పడింది, లైట్లు వెలిగాయి. ముందున్నాయన లేచి, ఒళ్ళు విరుచుకుని, ఇటు తిరిగాడు.

మా వీధి చివరింటి లెక్కల మాస్టారు. ఆరోజు మధ్యాహ్నమే బావ కుర్చీలో కూర్చుని లేచి వచ్చిన మనిషి.

బావకు తల కొట్టేసినట్టయింది. సీట్లో జారిపోయి మోకాళ్ళ మధ్య మొహం దాచుకున్నాడు. చెప్పు తెగిందా అని పక్క సీటావిడ పాపం జాలిపడింది. తర్వాత సగం సినిమా ఆయన చూడలేదు. ఒళ్ళో పెట్టుకున్న తన చేతుల వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆటపట్టించడానికి అంతకన్నా మంచి అవకాశం నా జన్మలో రాదు, అయినా వదులుకున్నాను.

ఆట వదిలాక కడుపులో బాగాలేదు, ఇంటికి పోదామన్నాడు. అక్క వినలేదు. చెయ్యి పట్టుకుని హోటల్ మెట్లెక్కించింది. మెనూ కార్డు ఇస్తే, చూస్తున్నట్టు నటించి, అడుగున ఒకచోట వేలు పెట్టి, ఇది తెమ్మన్నాడు.

"సార్, అది మా ఫోన్ నంబరు," అన్నాడు సర్వరు.

నేను ఫక్కున నవ్వేశాను. అక్క నవ్వలేదు. సరిగ్గా అప్పుడే మాస్టారూ ఆయన భార్యా లోపలికొచ్చి పక్క టేబుల్ దగ్గర కూర్చున్నారు. ఏమనుకున్నాడో, బావ లేచి నేరుగా ఆయన దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. అంత దగ్గర్లో ఆ మాటలు మాకూ వినపడ్డాయి.

"మాస్టారూ, మీ జుట్టు పాడుచేశాను. దగ్గరివి నాకు కనిపించడం లేదు, రెండేళ్ళ నుంచీ. దాచాను. ఇక మీరు వేరే చోట చూసుకోండి."

మాస్టారు మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టి, తాపీగా మూతి తుడుచుకున్నారు.

"రెండేళ్ళు కాదోయ్, రెండేళ్ళ మూడు నెలలు. నువ్వు గీసి పంపిన గీతలు ఇంటికెళ్ళాక మా ఆవిడ సరిచేస్తూ ఉంటుంది. ఇవాళ సినిమాకు టైమైపోతోందని వదిలేసింది."

"తెలిసీ వచ్చేవారా?" అన్నాడు బావ.

"తెలిసే మెడ చాపాను. కనపడకపోయినా నీ చెయ్యి నా గొంతు దగ్గర ఎప్పుడూ తడబడలేదు. జుట్టు పెరుగుతుందిలే. నిన్ను ఎలా అడగాలో తెలియకే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను."

అక్క సంచిలోంచి తను చదువుకునే ఎర్ర ఫ్రేము కళ్ళజోడు తీసి, లేచి వెళ్ళి, బావ ముక్కు మీద పెట్టింది. ఆయన తియ్యలేదు. వచ్చి కూర్చుని మెనూ కార్డు మొదటి నుంచి చివరిదాకా, ఫోన్ నంబరుతో సహా, గట్టిగా చదివాడు. తర్వాత హోటల్ గోడ అద్దంలో తన మీసం చూసుకుని, ఒక పక్క ఎప్పటి నుంచి పొట్టిగా ఉందని అక్కను అడిగాడు. పోయినేడు చెప్తే అద్దమే వంకరగా ఉందన్నారు కదా అంది అక్క. ఆరోజు మా రెండు టేబుళ్ళూ కలిపేశారు. అంత నవ్వుతూ అంత తిన్నది నా జ్ఞాపకంలో లేదు.

మర్నాడు పొద్దున నేను ఆఫీసుకు వెళ్తూ సెలూన్ ముందు ఆగాను. మాస్టారు అప్పటికే కుర్చీలో ఉన్నారు. జుట్టు సరిచేయడం అయిపోయింది. బావ ఎర్ర కళ్ళజోడుతో, నురగ పూసిన గొంతు మీదికి కత్తి తెచ్చి ఆగిపోయాడు.

"ఇంత దగ్గరగా ఎప్పుడూ చూళ్ళేదు మాస్టారూ. ఇక్కడ నరం కొట్టుకుంటోంది," అన్నాడు. కత్తిని వేలెడు వెనక్కి తీశాడు.

మాస్టారు ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని, మెడ ఇంకాస్త వెనక్కి చాపారు.