తిరగేసిన చొక్కా

టైలరమ్మ కూతురికి ఆరేళ్లు. ఎప్పుడు చూసినా గిరగిరా తిరుగుతుంటుంది కాబట్టి ఇంటిల్లిపాదీ బొంగరం అనే పిలుస్తారు. మాటలు తక్కువ, కళ్లలోకి చూడటం ఇంకా తక్కువ. ఆటిజం అని తేలిన రోజు నుంచి ఆ ఇంట్లో డాక్టర్లకు కొదవ లేదు. కడుపుతో ఉండి మిషను తొక్కావు, ఆ చప్పుడుకే ఇలా అయిందని అత్తగారు. కాదు, టీవీ వల్లేనని మరిది. ఆడపడుచైతే పాలు మానిపించి ఇది పట్టించమని ఏదో పొడి డబ్బా కూడా తెచ్చింది.

అసలు డాక్టరు మాత్రం ఇది ఎవరి తప్పూ కాదనీ, పుట్టుకతో వచ్చిన తీరనీ చెప్పాడు. పొడులు పక్కన పెట్టి మాటలు నేర్పే టీచరు దగ్గరికి పంపమన్నాడు, పిల్లకు ఏది ఇబ్బందో కనిపెట్టమన్నాడు. మందు రాయనివాడు ఏం డాక్టరని అత్తగారు పెదవి విరిచింది.

టైలరమ్మ బెంగ వేరు. సోమవారం బడిలో చేర్చాలి. యూనిఫాం లేనిదే గేటు దాటనివ్వరు. బొంగరమేమో చొక్కా తొడిగిన నిమిషంలో లాగి పారేసి, ఇల్లు పీకి పందిరేస్తోంది.

శనివారం మధ్యాహ్నం ఇంకో చొక్కా కుట్టింది. కొలత సరిచూసేటప్పుడు టైలర్లు బట్టను తిరగేసి తొడుగుతారు, ఎక్కడ వదులైతే అక్కడ సుద్దతో గీత గీయాలి కదా. అలాగే తొడిగి, సుద్దముక్క కోసం అటు తిరిగింది. ఏడుపు వినపడలేదు. వెనక్కి చూస్తే బొంగరం హాయిగా తిరుగుతోంది.

ఓరి నాయనో, ఇన్నాళ్లూ కుట్లు గుచ్చుకుని ఏడ్చిందా అని టైలరమ్మ నెత్తి కొట్టుకుంది. వెంటనే కుట్లన్నీ బయటికి వచ్చేలా కొత్త చొక్కా కుట్టి, ఆ కుట్లు కనబడకుండా పైన అదే రంగు పట్టీ వేసేసింది.

సోమవారం గేటు దగ్గర హెడ్మిస్ట్రెస్ ఎగాదిగా చూసింది.

"చొక్కా తిరగేసి వేశారమ్మా."

టైలరమ్మ నోరు పెగిలేలోపే వెంట వచ్చిన అత్తగారు ముందుకొచ్చింది. "మా కోడలు ఊరందరికీ కుడుతుందండీ, ఏది లోపలో ఏది బయటో తెలీదా? పిల్లకి కుట్లు గుచ్చుకుంటున్నాయని అలా కుట్టింది."

హెడ్మిస్ట్రెస్ పట్టీ తడిమి చూసింది. రంగు సరిపోయింది కదా, రానివ్వండి అంది. బొంగరం రెండు చుట్లు తిరిగి లోపలికి వెళ్లిపోయింది, వెనక్కైనా చూడలేదు.

దారిలో అత్తగారు గొంతు తగ్గించింది. "మిషను చప్పుడు సంగతి నేనింకా ఒప్పుకోలేదనుకో. అది సరేగానీ, నాకూ అలాంటి జాకెట్లు రెండు కుట్టవే. అరవై ఏళ్లుగా మెడ దగ్గర ఒకటే దురద."