పెళ్లి బస్సుకు పొయ్యి అలికిన మా అవ్వ

దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి.

పోలీసు చర్య ముగిసి దారులు తెరుచుకున్నాక మా అక్క పెళ్లి మళ్లీ కుదిరింది. మళ్లీ అంటున్నానంటే, గడబిడల్లో అది అంతకుముందే ఒకసారి ఆగిపోయిందన్నమాట. మాది నకిరేకల్ దగ్గరి పల్లె. లగ్గం భువనగిరిలో మగపెళ్లివారింట, పొద్దు వాలకముందే. అది తప్పితే మూఢం, నెలల తరబడి ముహూర్తాలు లేవు. అందుకని ఎడ్లబండ్లు వద్దని బాపు బస్సు కిరాయికి మాట్లాడాడు.

అప్పట్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనక నిలువెత్తు ఇనప పొయ్యి ఉండేది. అందులో బొగ్గు రాజేస్తే పుట్టే గ్యాసు గొట్టంలోంచి ఇంజనుకు పోయేది.

పొద్దున్నే బస్సొచ్చింది. డ్రైవరు పొయ్యి చల్లార్చి, బూడిద తీసి, మా ఇంట్లో సద్ది తినడానికి కూర్చున్నాడు. ఈలోగా మా అవ్వ ఆ పొయ్యిని చూసింది. పెళ్లినాడు అలకని పొయ్యి ముట్టించడం మా ఇంట్లో లేదు. ఎర్రమట్టి కలిపి పైనుంచి కిందిదాకా నున్నగా అలికింది. అడుగున పిడికిలంత బొక్క కనిపిస్తే దాన్నీ మెత్తింది. మీద ముగ్గేసి బొట్లు పెట్టింది.

డ్రైవరు వచ్చి చూసి మురిసిపోయాడు. "మా బస్సుకు గింత సింగారం ఎన్నడు కాలేదవ్వా!" అని, పైమూత తీసి నిప్పు, బొగ్గు పోశాడు. ముందుకెళ్లి హాండిలు తిప్పాడు. గురగుర కూడా లేదు. గొట్టాలు విప్పి ఊదాడు, మళ్లీ తిప్పాడు. మా మేనమామ టైరు కింద నిమ్మకాయ పెట్టాడు. పెళ్లివారంతా కలిసి ఊరి చివరిదాకా నెట్టారు. బస్సు కదల్లేదనలేం, కానీ కదిలించింది మేమే.

"నిప్పు ఆరిపాయె. గాలి ఆడుతలేదు," అంటూ డ్రైవరు పొయ్యి చుట్టూ తడిమాడు. "కింద గాలిబొక్క ఉండాలె గద! ఏడ పాయె?"

"గా బొక్కనా? నేనే పూడిస్తి," అంది అవ్వ గర్వంగా. "గంత బొక్క పెట్టుకొని ఊర్లు తిరుగుతున్నవు, నీ ఇంట్ల ఆడోళ్లు లేరా బిడ్డా?"

డ్రైవరు నెత్తి పట్టుకున్నాడు. బాపు గడ్డపార తెచ్చాడు. అవ్వ అడ్డం నిలబడింది. "పెండ్లి ముగ్గు చెరిపితే నేను ఊకోను!"

పొద్దుటినుంచి తల ఎత్తని అక్క, బాసికంతో సహా బస్సు దిగి వచ్చింది. "అవ్వా, జర జరుగు. ముగ్గు ఉంటది, నా పెండ్లే పోతది!" అంటూ పిండివంటల గంపలోని గరిటె తీసి, ఆ మట్టిని ఒక్క పోటు పొడిచింది. మట్టితోపాటు లోపలి మసి రాలి చేతులనిండా అంటుకుంది. డ్రైవరు లోపల కొత్త నిప్పు వేసి, పొయ్యికి గాలి కొట్టే చేతిపంకా తిప్పగానే పొగ లేచింది. ఇంజను దగ్గి, తుమ్మి, కూత పెట్టింది.

దారిలో చేతులు కడుక్కునే తీరిక ఎవరికీ లేదు. లగ్గం వేళకు పందిట్లో దిగాం. అక్క జీలకర్ర బెల్లం పెడితే, బావ నుదుటిదాకా మసి కారింది. ఆయన నవ్వాడు, అందరికంటే ముందు.

విన్నవాళ్లకు మేలు కలగాలి. మీ ఇంటి ఆడబిడ్డలు ఏ ఊరికి బయలుదేరినా వేళకు చేరాలి, చేరినచోట నవ్వే మనుషులుండాలి.