నురగ బాగా వచ్చే నీళ్లు

బోరు మేస్త్రి డ్రిల్లు ఒకసారి ఆగకుండా దిగిపోయి, భూమికి అవతలివైపు ఎవరింటి పెరట్లోనో పైకి లేచింది. ఆ ఇంటావిడ దాన్ని గుంజ అనుకుని, తాడు కట్టి బట్టలారేసుకుంది. ఇప్పటికీ ఆరేస్తూనే ఉంది.

నమ్మకపోతే మీ ఖర్మ. ఆయన జేబులో సబ్బుబిళ్ల మాత్రం అందరూ చూసిందే. నీళ్లు పడగానే దాంతో చేతులు రుద్దుకునేవాడు. నురగ రాకపోతే మొహం చిట్లించి ఇంకో యాభై అడుగులు దించేవాడు. పొంగిందా, "బంగారం పడింది!" అని నాలుగు వీధులకి వినపడేలా కేక. బడి ముందు రెండొందల యాభై అడుగుల్లో పడిన నీళ్లకి మోచేతుల దాకా నురగ. పదేళ్లుగా పిల్లలంతా ఆ పంపు నీళ్లే తాగారు, ఆయన కూతురుతో సహా.

ఇప్పుడా పిల్ల పళ్ల మీద గోధుమరంగు చారలు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటుంది.

నీళ్లు పరీక్ష చేసే ఆవిడ వచ్చి సీసాలో మందుచుక్కలు వేసింది. గులాబీరంగు కాస్తా పసుపుకి తిరిగింది. "ఫ్లోరైడు చాలా ఎక్కువుందన్నా, పిల్లల పళ్లూ ఎముకలూ పాడయ్యేది దీనివల్లే" అంది.

"ఎవడు కలిపాడమ్మా ఇందులో?" మేస్త్రి పిడికిలి బిగించాడు.

"ఎవరూ కలపలేదన్నా. ఫ్లోరైడు రాయిలోనే ఉంది. పగుళ్లలో నీళ్లు ఏళ్లకేళ్లు నిలవుంటే కొంచెం కొంచెంగా కరిగి చేరుతుంది. ఇక్కడ లోతుకి పోయేకొద్దీ పాత నీళ్లు. ఎంత పాతవైతే అంత ఎక్కువ."

"మరి అంత నురగ వచ్చిందే?"

"సున్నం ఎక్కువున్న నీళ్లకి నురగ రాదు. కానీ ఆ సున్నమే ఫ్లోరైడుని పట్టి అడుగున కూర్చోబెడుతుంది. ఈ నీళ్లలో పట్టేది లేదు."

మేస్త్రికి ఒళ్లంతా మండిపోయింది. రాయిని కాలర్ పట్టుకు నిలదీయలేడు. మంచి నీళ్లని వదిలేసి, ఏరికోరి ఈ నీళ్లని పైకి తెచ్చింది తన చేతులే. వాటిని నరుక్కోలేడు. పళ్లు పటపట కొరుకుతూ బడి ముందు తిరుగుతుంటే జీపు దిగాడు ఇంజనీరు.

"మేస్త్రీ, ఇంకో రెండొందల అడుగులు దించెయ్. ఫైలు కదిలింది."

"పరీక్ష కాగితం చూశారా సార్?"

"చూశా కాబట్టే దించమంటున్నా."

"కింద ఇంకా పాత నీళ్లండీ! చెరువు నీళ్లు శుభ్రం చేసి ట్యాంకర్లో తోలించండి."

"అది వేరే సెక్షను. ఏడో తరగతి తప్పినవాడివి, నాకు పాఠాలు చెప్తావా?"

"ఏడు తప్పినా లెక్కలొచ్చు సార్. మా పిల్ల నోరు తెరిపిస్తా, చారలు మీరే లెక్కపెట్టండి. అదీ వేరే సెక్షనేనా?"

ఇంజనీరు వాచీ చూసుకుని జీపెక్కి కూర్చున్నాడు. అంతే! మేస్త్రి పంపుని రెండు చేతులా వాటేసుకుని ముల్లంగి దుంపలా పీకేశాడు. రెండొందల యాభై అడుగుల పైపూ సర్రున బయటికొచ్చి జీపుని మూడు చుట్లు చుట్టింది. ఇంజనీరు కిటికీలోంచి దూకి, చెప్పులొదిలేసి పరుగు.

బడి గేటు దగ్గర ఈ కథంతా ఇలా చెప్పుకుంటుంటే మేస్త్రి వెనకనించి అంతా విన్నాడు. నవ్వలేదు.

"పంపు పీకలేదు. రెండు బోల్టులు విప్పి హ్యాండిల్ ఇంటికి పట్టుకుపోయాను. ట్యాంకర్ వచ్చేదాకా ఇవ్వను."