పది దాటిన అంకె

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే విభాగంలో ఆమెను అందరూ మడతలక్క అనేవారు. ఆరబెట్టే యంత్రం నుంచి వేడివేడిగా వచ్చిన దుప్పటిని మడవాలంటే ఇద్దరు కావాలి. ఆమె ఒక్కతే మడిచేది. ఆ మాట విని, అది ఆమె నేర్పు అనుకున్నాను. ఎదుటి అంచు పట్టుకోవడానికి పదకొండు నెలలుగా ఎవరూ రావడం లేదని తరువాత తెలిసింది.

నేను ఉచిత న్యాయ సలహా కేంద్రంలో చేరిన కొత్త. ఆమె వచ్చి, కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోకుండా, ఒక కాగితాన్ని బల్ల అంచున ఉంచి వెనక్కి జరిగింది. ఏటా సిబ్బందికి చేయించే రక్తపరీక్ష ఫలితమది. హెపటైటిస్ బి యాంటీబాడీ: 640. పక్కన ముద్రించిన పరిమితి: 10 లోపు. అంకె కింద సూపర్‌వైజరు గీసిన ఎర్ర గీత. ఆయన దాన్ని అందరి ముందూ పైకి చదివి, పది లోపు ఉండాల్సింది ఇంత ఉంటే లివర్ పని అయిపోయినట్టేనని తేల్చేశాడట. ఆ మధ్యాహ్నమే ఆమె భోజనం డబ్బా మెట్ల కిందికి చేరింది. అప్పటిదాకా చెల్లెలి ఇంట్లో ఉన్న మనిషి, అక్కడి మూడేళ్ల పాపకు అంటుతుందేమోనన్న భయంతో తానే వేరే గది చూసుకుంది. ఆదివారాలు మాత్రం వెళ్లి, గుమ్మం బయట కూర్చుని పాపను చూసి వచ్చేది.

నాకు ఒళ్లు మండింది. ఒకరి వైద్య వివరాలను పదిమందిలో చదవడం తప్పు. అనుమానంతో మనిషిని వెలివేయడం అంతకు మించిన తప్పు. నోటీసు మనసులో సగం రాసేశాను కూడా.

"కేసు వద్దమ్మా," అంది. "పాపను ఎత్తుకోవచ్చో లేదో చెప్పండి, చాలు."

చట్టం చదివాను గాని, రక్తం చదవడం నాకు రాదు. మరునాడు ల్యాబ్ డాక్టరమ్మ దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్లాను. ఆవిడ కాగితం తిరగేసి, మొదటి పేజీ ఏదని అడిగింది. అలాంటిదొకటి ఉందనే మడతలక్కకు తెలియదు. కంప్యూటరులో దొరికింది: వైరస్ లేదు, అది ఎప్పుడైనా ఒంట్లోకి వచ్చిన జాడా లేదు.

"టీకా వేయించుకున్నావా?"

"మూడుసార్లూ అండీ. మావాళ్లంతా మొదటి సూదికే పరార్. పిలిచినప్పుడల్లా వెళ్లిన పిచ్చిదాన్ని నేనొక్కదాన్నే."

యాంటీబాడీ జబ్బు కాదని, జబ్బును ఆపడానికి ఒళ్లు పెట్టుకున్న కాపలా అని డాక్టరమ్మ వివరించింది. చక్కెర పరీక్షలో పరిమితి దాటితే హెచ్చరిక. ఇక్కడ పది దాటడమే రక్షణ. అంకె ఎక్కువా తక్కువా అని చూసే ముందు, కొలిచింది దేన్నో అడగాలి. ఒకవేళ జబ్బే ఉన్నా, కంచం వల్లో పక్కన కూర్చోవడం వల్లో అంటేది కాదట. ఆమెను మెట్ల కిందికి పంపినవారిలో ఎంతమందికి ఆ కాపలా ఉందో నాకు అనుమానమే.

అదంతా తేలిక మాటల్లో రాసి, డాక్టరమ్మ చేత సంతకం చేయించాను. సూపర్‌వైజరు మీద ఫిర్యాదుకు మాత్రం మడతలక్క ఎంత చెప్పినా ఒప్పుకోలేదు.

"ఆయనతో నాకేం పని? ఆదివారం మా చెల్లెలింటికి రండి. నా నోటికంటే మీ కళ్లద్దాలకు విలువెక్కువ."

వెళ్లాం. చెల్లెలు కాగితాన్ని రెండుసార్లు చదివి, అక్క ముఖం చూడలేక వంటగదిలోకి పోయింది. "వెళ్తానంటే ఆపనైనా ఆపలేదు కదే నిన్ను," అని లోపలి నుంచే అంది. మడతలక్క చెప్పులు విడిచి, గడప దాటి, పాప వైపు చేతులు చాచింది.

పాప వెనక్కి జరిగింది. తనకు నేర్పిన పనిని శ్రద్ధగా చేసింది: మూలనున్న ప్లాస్టిక్ కుర్చీని బరబరా ఈడ్చి గుమ్మం బయట వేసింది. కిటికీలో విడిగా బోర్లించిన గ్లాసు తెచ్చి దానిమీద పెట్టింది.

"పెద్దమ్మా, నీ చోటు ఇక్కడ."

మడతలక్క చేతులు దించుకుంది. గుమ్మం పక్కన తీగమీద ఆరిన దుప్పటిని లాగి, ఒక అంచు పాప వైపు సాచింది. పాప పట్టుకుంది. మొదటి మడత దూరం నుంచే పడింది. రెండో మడతకు ఇద్దరూ దగ్గరికి రావాలి. పాప రెండడుగులు వేసి, తల్లి ఉన్న వంటగది వైపు చూసి, అంచు వదిలేసి లోపలికి పరుగెత్తింది.

నేల తాకకముందే ఆ అంచును అందుకుని, మిగిలిన మడతలు మడతలక్కే వేసుకుంది.