మిత్వల్లీ కుట్టేసిన తలదిండు

మన్సూరా ఊళ్ళో టాక్సీ స్టాండు వెనక సందులో కార్ల సీట్లు కుట్టే మేస్త్రి, ఉస్తా మిత్వల్లీ జీవితంలో కోరిన కోరిక ఒక్కటే. కారు సీటు మీద తల ఆనించుకునే దిండు ఉంటుంది చూడండి, దాన్ని లోకంలో మొట్టమొదట కుట్టింది తన తండ్రి సల్లాం అని నలుగురూ ఒప్పుకోవాలి. ఒప్పుకుని, చచ్చిపోయిన మంచి పనివాడి గురించి మా వాళ్ళు అనే మాట, "దేవుడు ఆయన్ని కరుణించాలి" అని ఒక్కసారి అనాలి. ఆ ఒక్క మాటా మేం అనలేదు. మేం డ్రైవర్లం. ఎదుటివాడు గొప్పలు చెప్పుకుంటుంటే మాకు నాలుక దురద పెడుతుంది.

ఆయన కథ ఇలా ఉండేది. రోజూ కారులో ఇస్కందరియా పట్నం దాకా వెళ్ళొచ్చే జడ్జీగారొకాయనకి మెడ పట్టేసేది. సల్లాం ఒక చిన్న దిండు కుట్టి, రెండు ఇనపకడ్డీలతో సీటు వీపుకి బిగించాడు. పెట్రోలు బంకు దగ్గర ఎవడో తెల్లదొర దాన్ని చూసి, కాగితం మీద బొమ్మ గీసుకుని పోయాడు. తర్వాత ప్రపంచమంతా ఆ దిండే. ఇంతవరకూ చెప్పి మిత్వల్లీ ఆగేవాడు, మా మొహాల్లోకి చూసేవాడు. మేం ఆ జడ్జీ పేరేమిటని అడిగేవాళ్ళం. పేరు ప్రతిసారీ మారేది. అందరం విరగబడి నవ్వేవాళ్ళం.

ఎదురు కొట్టు హిల్మీది. వాడూ సీట్లు కుట్టేవాడే. వాడి లెక్కలో ఆ దిండు కుట్టింది వాడి తాత, అదీ జడ్జీ కోసం కాదు, పెళ్ళికూతురి కోసం. గంటలు గంటలు కూర్చుని చేయించుకున్న జుట్టుముడి ఊరేగింపులో చెదిరిపోకూడదని కుట్టాడట. ఈ తగువు మీద ఇద్దరూ ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదు. ఒకే సందు, ఒకే మసీదు, ఒకే టీ కొట్టు, అయినా సలాం కూడా లేదు. ఇంత చిన్న దిండు మీద అంత పంతమా అంటే, ఏం చెప్పను, పంతాలన్నీ అలాంటి వాటి మీదే పుడతాయి.

మూడో మాట నేను తెచ్చాను. ఫోన్లో ఒక వీడియో చూశాను. కారు నీళ్ళలో పడితే అద్దం పగలగొట్టుకోవడానికే ఆ దిండు పెట్టారట, అందుకే అది ఊడొస్తుందట, అందుకే ఆ ఇనపకడ్డీలట. నిజమో అబద్ధమో నాకు తెలీదు. టీ కొట్టులో అందరి ముందూ పెట్టి వినిపించాను. ఎప్పుడూ లేనిది, హిల్మీ కూడా ఎదురు బల్ల మీంచి నవ్వాడు. మిత్వల్లీ మొహం కందగడ్డయింది.

"దిండంటే దిండేరా బయూమీ. మా నాన్న ఒక మనిషి మెడ నొప్పి చూడలేక కుట్టాడు. నీకు అద్దాలు పగలగొట్టుకోవాలనుంటే సుత్తి కొనుక్కో" అన్నాడు, నవ్వకుండా.

మర్నాటి నుంచి కొత్త పద్ధతి మొదలెట్టాడు. తలదిండుకి, సీటుకి కలిపి ఒకే తొడుగు. మధ్యలో జోడింపు కనపడకుండా లోపల్నుంచి నైలాన్ దారంతో చేత్తో కుట్టేవాడు. ఇక ఆ దిండు ఊడదు, కదలదు. అది తన తండ్రి దిండు, దాన్ని పీకి సుత్తిలా వాడే మొనగాడెవడో చూస్తానన్నాడు. మాకేం పోయింది, మాకు నచ్చింది. స్టాండులో తలదిండ్లు దొంగలెత్తుకుపోయేవారు, ఆ బెడద వదిలింది. చూడ్డానికీ దర్జాగా ఉంది. స్టాండులో సగం కార్లు కుట్టించుకున్నాయి. నాదీ కుట్టాడు, నా మీద కోపంతోనేమో మరీ గట్టిగా కుట్టాడు.

ఆ చలికాలం మిత్వల్లీ కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఏడోరోజు వేడుకకి దికిర్నిస్ దగ్గర పల్లెకి వెళ్ళాలి. నా బండి మొత్తం మాట్లాడుకున్నారు. ఆయన ఇస్త్రీ చేసిన పొడుగు చొక్కా, గలాబియా వేసుకుని నా పక్కన కూర్చున్నాడు. కత్తెర, కత్తి, సుత్తి అన్నీ కొట్లోనే ఉన్నాయి, వేడుకకి వాటితో పనేముంది. ఆయన భార్య నబవియ్యా వదిన కొవ్వొత్తులు, వేయించిన గింజల పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది.

పొద్దున్నే వాన పడి వెలిసింది. కాలవ గట్టు రోడ్డు మీద పొలాల బురద పేరుకుంది. మలుపు దగ్గర పచ్చిగడ్డి మోపు వేసుకున్న గాడిదబండి అడ్డొచ్చింది. బ్రేకు తొక్కాను. చక్రాలు ఆగాయి, బండి ఆగలేదు. జారి జారి, ముక్కు కిందకి పెట్టి కాలవలోకి దిగిపోయింది.

నీళ్ళు ఇంత చల్లగా ఉంటాయని నాకు తెలీదు. ముందు మోకాళ్ళ మీదకొచ్చాయి, ఊపిరి తీసేలోపు పొట్ట మీదకొచ్చాయి. తలుపు తోశాను, గోడని తోసినట్టే ఉంది. అద్దాల స్విచ్చి నొక్కాను, అది అప్పటికే చచ్చింది. ముందు అద్దం నిండా బురద నీళ్ళు. వెనకవైపు మాత్రం ఇంకా పైకే ఉంది, కిటికీ సగం మీద వెలుతురు కనిపిస్తోంది. ఇద్దరం సీట్ల మధ్యలోంచి వెనక్కి పాకాం. నబవియ్యా వదిన అరవట్లేదు, దేవుడి పేరు తలుచుకుంటోంది. మోచేత్తో అద్దం కొట్టాను, కాలితో తన్నాను. పగల్లేదు.

అప్పుడు నాకు ఆ వీడియో గుర్తొచ్చింది. ముందు సీటు దిండు పట్టుకుని పైకి లాగాను. కదలదే. రెండు చేతులా పట్టుకుని, సీటుకి కాళ్ళు తన్నిపెట్టి లాగాను. నీళ్ళు వదిన గుండెల దాకా వచ్చాయి.

"లాగకు" అన్నాడు మిత్వల్లీ. "నేను కుట్టింది అలా చిరగదు."

ఆ మాటలో గర్వం లేదు. నన్ను పక్కకి నెట్టేసి సీటు మీదకి ఒంగాడు. గోళ్ళతో గీకితే లాభం లేదని ఆయనకి తెలుసు. చేతి కుట్టు గొలుసులా ఉంటుంది, చివరి ముడి తెగితే మొత్తం ఊడొస్తుంది. ఆ ముడిని ఆయన ఎప్పుడూ ఎవరికీ కనపడకుండా అంచు మడత లోపల దాస్తాడు. ఎక్కడ దాచాడో తడిమి వెతుకుతున్నాడు. ముడి ఉన్న చోటు నీళ్ళ కిందకి పోయింది. గట్టిగా ఊపిరి పీల్చి, తల ముంచి, పళ్ళతో పట్టుకున్నాడు.

వదిన గడ్డం దాకా నీళ్ళొచ్చాయి. ఆమె తల ఎత్తి కప్పుకి ఆనించింది. నేను ఆమెను కింద నుంచి ఎత్తి పట్టుకున్నాను. మిత్వల్లీ పైకి లేచాడు, ఊపిరి తీశాడు, మళ్ళీ మునిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చచ్చేముందు కూడా ఆ ముసలాడిని నాలుగు తిట్టాలనిపించింది, ఒట్టు. రెండోసారి లేచినప్పుడు నోట్లోంచి నెత్తురు కారుతోంది, వేళ్ళకి దారం చుట్టుకుని ఉంది. లాగాడు. పరపరా ఊడొచ్చింది.

తొడుగు పక్కకి లాగి, దిండు పీకి, ఆ కడ్డీలతో అద్దాన్ని బాదాడు. నీళ్ళలో దెబ్బకి ఊపు రాలేదు. కొట్టకు, కడ్డీ కొసని అద్దానికీ రబ్బరుకీ మధ్య దూర్చి నీ వైపుకి గుంజు అని అరిచాను. దూర్చాడు, గుంజాడు. అద్దం పలుకులు పలుకులై రాలింది. నీళ్ళు ఒక్కసారిగా మీద పడ్డాయి. ముందు వదినని తోశాం. గాడిదబండి రైతు గట్టు మీంచి తాడు విసిరాడు, ఆమె దాన్ని పట్టుకుంది. తర్వాత మేం.

గట్టు మీద కూలబడ్డాం. పొలాల వాళ్ళు దుప్పట్లు తెచ్చారు. మిత్వల్లీ చేతిలో ఆ దిండు ఇంకా ఉంది, కడ్డీలకి గాజు పలుకులు అంటుకుని ఉన్నాయి. రైతు దాన్ని చూసి, అద్దం పగలగొట్టింది దీనితోనేనని తెలుసుకుని, తల మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"దీన్ని ఎవడు చేశాడో గానీ, దేవుడు ఆయన్ని కరుణించాలి" అన్నాడు.

నేను మిత్వల్లీ వైపు చూశాను. నలభయ్యేళ్ళు ఎదురుచూసిన మాట అది. మా నాన్న అని అనేస్తే చాలు, అక్కడున్న వాళ్ళందరూ కళ్ళకద్దుకుని నమ్మేవాళ్ళు. అననీ అనుకున్నాను, ఈసారి నేనూ వంత పాడేవాణ్ణి. ఆయన నోరు తెరిచాడు. పక్కన వణుకుతున్న భార్యని చూశాడు. ఆ రైతుని ఫోన్ ఇమ్మన్నాడు.

మా ఫోన్లు నీళ్ళపాలయ్యాయి, నంబర్లూ వాటితోపాటే పోయాయి. ఆయనకి నోటికొచ్చిన నంబరు ఒక్కటే. ఎదురు కొట్టు బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి ఉంటుంది, పొద్దున్న లేస్తే అదే కనపడుతుంది. నొక్కాడు. అవతల హిల్మీ ఎత్తాడు.

"హిల్మీ, నేను మిత్వల్లీని. కత్తి తీసుకుని స్టాండుకి పరిగెత్తు. నేను కుట్టిన బండి ఒక్కటి కూడా కదలకూడదు. తలదిండు కింద కుట్లన్నీ కోసెయ్. ముడి ఎడమ పక్క అంచు మడతలో ఉంటుంది."

అవతల్నించి హిల్మీ ఏదో అడిగాడు. ఏమిటో నాకు వినపడలేదు.

"ఎవరు కనిపెట్టారో దేవుడికి తెలుసురా" అన్నాడు మిత్వల్లీ. "కదలకుండా కుట్టేసింది మాత్రం నేను. నా నబవియ్యా అందులో చచ్చిపోయేది. కోసెయ్, హిల్మీ, నీకు దణ్ణం పెడతాను."