గ్వాడలూప్ శిఖరానికి అర మైలు ఇవతల

నవంబరు మొదట్లో నర్సింగ్ ఫోన్ చేసి, "రవీ, టికెట్ బుక్ చేసిన. ఇంక పదకొండు రోజులే ఉన్నయ్. ఆ కొండ ఎక్కుదామా?" అన్నాడు. వాడిది హన్మకొండ, నాది తణుకు. పద్నాలుగేళ్ళ కిందట డాలస్‌లో రూమ్మేట్స్‌గా మొదలై, ఇప్పుడు కాపెల్‌లో రెండు వీధుల దూరంలో ఉంటున్నాం. సెప్టెంబరులో వాడి ఉద్యోగం పోయింది. వీసాకిచ్చే అరవై రోజుల గ్రేస్ పీరియడ్‌లో స్పాన్సర్ చేసే కొత్త కంపెనీ దొరకలేదు, దేశం వదిలి వెళ్ళక తప్పదు. భార్యనీ కూతురినీ ముందే ఇండియా పంపేశాడు. టెక్సాస్‌లో అన్నిటికంటే ఎత్తయిన గ్వాడలూప్ పీక్ ఇద్దరం కలిసి ఎక్కాలని ఏటా అనుకోవడం, ఏటా ఆఫీసులో ఏదో ఒక సాఫ్ట్‌వేర్ రిలీజ్ అడ్డురావడం మాకు అలవాటే. ఈసారి వాయిదా వేయడానికి వీల్లేదు. నేను వెంటనే సరేనన్నాను.

సరేననే ముందు వాడికి చెప్పవలసిన సంగతి ఒకటుంది. కొలెస్ట్రాల్ ఎక్కువైంది, మాంసం తగ్గించమని ఆగస్టులో డాక్టర్ చెప్పాడు. తగ్గించడం నాకు చేతకాదు, ఏదైనా ఒక్కసారే. శ్రావణమాసం ఎలాగూ వచ్చింది కదా అని పూర్తిగా మానేసి, అలాగే కార్తీకం దాకా లాక్కొచ్చాను. మొదటి నెల నిజంగానే బాగుంది. ఆదివారం మటన్ తిని సోఫాలో కూలబడే మనిషిని, రాత్రి తేలిగ్గా తిని పదింటికల్లా నిద్రపోయేవాణ్ణి. గుండెల్లో మంట మాయమైంది. అక్కడితో ఊరుకుంటే నేనెందుకవుతాను, ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో రోజుకో ఉపన్యాసం మొదలుపెట్టాను. ఎనర్జీ డబుల్ అయిందని రాశాను. ఇంకా కోడిని పట్టుకు వేలాడుతున్నారని అందర్నీ వెక్కిరించాను.

నాకు తెలిసిన శాకాహారం మాంసం తీసేసిన భోజనమే. చికెన్ ఉండే చోట ఇంకో గరిటెడు అన్నం వచ్చింది, దానిలోకి బంగాళాదుంప వేపుడు, చారు, ఆవకాయ, పెరుగు. పప్పు వారానికి ఒకసారి ఉంటే ఎక్కువ. అక్టోబరు వచ్చేసరికి మధ్యాహ్నం మీటింగుల్లో కళ్ళు మూతలు పడేవి. వాటిని తెరిచి ఉంచడానికి నాలుగింటికొకటి, ఐదున్నరకొకటి కాఫీ. ఆ కాఫీల పుణ్యమా అని రాత్రి నిద్ర పోయింది. ఇంట్లో మెట్లెక్కితే తొడలు పీకేవి. గ్రూపులో అంత గొప్పలు పోయాక ఈ మాట బయటపెట్టడానికి నామోషీగా అనిపించి, ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం ఉదయం ఆరున్నరకి కాపెల్‌లో బయలుదేరాం. ఐ-20 హైవే మీద ఫోర్ట్‌వర్త్, యాబిలీన్, మిడ్‌ల్యాండ్, పేకోస్ దాటాక ఆ రోడ్డు ఐ-10లో కలుస్తుంది. ఇంకొంచెం ముందుకెళితే వ్యాన్ హార్న్ అనే చిన్న ఊరు. సుమారు ఐదు వందల మైళ్ళు, భోజనానికీ, గ్యాస్‌కీ (అంటే పెట్రోలుకి) ఆగుతూ వెళితే తొమ్మిది గంటలు. రానూపోనూ గ్యాస్‌కి నూట ఇరవై డాలర్లయింది. మిడ్‌ల్యాండ్ దాటాక దారి పక్కన ఒక చిన్న మెక్సికన్ హోటల్‌లో ఆగాం. మాంసం లేనిదేముందని అడిగితే వంట చేసే ఆవిడ స్వయంగా బయటికి వచ్చి, బీన్స్‌లో తను పంది కొవ్వు వేస్తాననీ, కావాలంటే గుడ్లతో టాకోలు చేసిస్తాననీ చెప్పింది. గుడ్డు కూడా వద్దన్నాను. చివరికి ఒక ప్లేటు ఫ్రెంచ్ ఫ్రైస్, రెండు టోర్టియా రొట్టెలు తిన్నాను. మేం కొండకి వెళ్తున్నామని విన్న ఆవిడ నా ప్లేటు వైపు చూసి, రేపు మీ ఫ్రెండ్ కొండ ఎక్కేది దీంతోనేనా అని నర్సింగ్‌ని అడిగింది. ముగ్గురం నవ్వుకున్నాం.

కారెక్కాక వాడు నవ్వలేదు. "కండ్ల కింద నల్లగైందిరా నీకు. నిద్ర మంచిగ పడుతుందా?" అన్నాడు.

"బ్రహ్మాండంగా పడుతోంది. ఇంత ఫిట్‌గా ఎప్పుడూ లేను," అన్నాను.

"శనిగె గుడాలు ఉడకబెట్టి తెచ్చిన. పల్లీపట్టీలు ఉన్నయ్. రేపు పొద్దుగాల అవి తిని ఎక్కుదాం."

"కొండ మీద శనగలేంట్రా, కడుపుబ్బరం. నాకు కూలర్‌లో పెరుగన్నం ఉంది, అది చాలు."

నేను పేకోస్‌లో పెద్ద కాఫీ తీసుకున్నాను.

వ్యాన్ హార్న్‌లో మోటెల్ గదికి తొంభై డాలర్లు. గది శుభ్రంగానే ఉంది, పరుపు మెత్తగానే ఉంది, నాకే నిద్ర రాలేదు. తెల్లవారుజామున ఎప్పుడో కన్నంటుకుంది, ఇక అలారం వినిపిస్తే ఒట్టు. లేచి చూస్తే నర్సింగ్ బూట్లు వేసుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "రాత్రంత దొర్లినవ్. లేపబుద్ధి కాలె," అన్నాడు. హైవే 54 మీద పార్కుకి గంటా పది నిమిషాల దారి. మధ్యలో గ్యాస్ దొరకదు, పార్కులో తిండి దొరకదు. పార్కు గడియారం డాలస్ సమయానికి గంట వెనక నడుస్తుంది. ఆ గంట కలిసొచ్చి కూడా, అక్కడి లెక్కన ఏడున్నరకి మొదలవ్వాల్సిన నడక తొమ్మిదింబావుకి మొదలైంది. టికెట్ మనిషికి పది డాలర్లు. రానూపోనూ ఎనిమిదిన్నర మైళ్ళు, ఎక్కేది మూడు వేల అడుగులు. ఎక్కడున్నా సరే రెండున్నరకల్లా వెనక్కి తిరగండి, ఐదు దాటితే చీకటి పడుతుందని రేంజర్ మరీ మరీ చెప్పాడు.

మొదటి మైలున్నర నిటారుగా మలుపులు తిరుగుతూ ఉంటుంది, అసలు కష్టమంతా అక్కడే అంటారు. అది ఆవేశంలో ఎక్కేశాను. పైన్ చెట్ల నీడలోకి వచ్చాక పెరుగన్నం తిన్నాను. అరగంటకల్లా ఆఫీసులో వచ్చే మత్తే వచ్చింది, కాకపోతే ఇక్కడ ఒక పక్కన లోయ ఉంది. నర్సింగ్ డబ్బా మూత తీసి గుడాలు నా చేతిలో పోశాడు. ఈసారి వద్దనలేదు. కానీ మూడు నెలల లోటు రెండు గుప్పిళ్ళ శనగలతో తీరదు కదా. చిన్న చెక్క వంతెన దాటి కొంత దూరం పోయేసరికి నలభై అడుగులకొకసారి ఆగుతున్నాను.

ఒంటిగంటా యాభైకి ఒక బండ మీద కూలబడ్డాను. శిఖరం ఇంకా అర మైలుంది. పైన ఒక స్టీల్ స్తూపం ఉంటుంది, దాని మీద చేయి వేసి ఫోటో దిగి కూతురికి పంపాలని నర్సింగ్ దారంతా చెబుతూ వచ్చాడు. వాడి కాళ్ళకి ఏమీ కాలేదు. వాడొక్కడే వెళితే అరగంటలో పైనుంటాడు. ఆ మాట కూర్చున్న మొదటి నిమిషంలోనే నాకు తెలుసు. నా కాళ్ళు ఇక లేవవనీ తెలుసు.

"ఏమైందిరా?" అన్నాడు.

"ఏం లేదు. పది నిమిషాలు కూర్చో, కలిసి వెళ్దాం," అన్నాను.

వాడు పక్కన కూర్చున్నాడు. పది నిమిషాలయ్యాక ఇంకో పది నిమిషాలన్నాను, ఆ తర్వాత ఇంకో ఐదన్నాను. ఆ తర్వాత అడగడానికి కూడా సిగ్గేసి ఊరుకున్నాను. గాలి పెరిగింది. పై నుంచి దిగుతున్న ఒక పెద్దాయన, మీరు వచ్చేశారు, ఇంకెంతో లేదని ఇంగ్లిష్‌లో ఉత్సాహపరిచి వెళ్ళాడు. రెండున్నర అవుతుండగా, "నువ్వు వెళ్ళి రారా, నేనిక్కడే ఉంటాను," అన్నాను.

వాడు వాచీ చూసుకుని, "ఇప్పుడా?" అన్నాడు. కోపంగా అనలేదు. నా బ్యాగు కూడా తన భుజానికి తగిలించుకుని లేచాడు.

దిగడానికి మూడు గంటలు పట్టింది, చివర్లో చీకటి పడనే పడింది. సగం దారిలో నేను అన్నీ చెప్పేశాను, ఆవలింతలు, కాఫీలు, నిద్ర పట్టకపోవడం, గ్రూపులో రాసినదంతా ఉత్తదేనని. వాడు ముందు నడుస్తూనే, "నాకు నిన్ననే ఎరుకైంది. నువ్వే చెప్తవని చూసిన," అన్నాడు.

"మరి నన్ను వదిలేసి వెళ్ళాల్సింది కదరా."

"నువ్వు కూసోమన్నవ్. కూసున్న."

తర్వాతి బుధవారం వాణ్ణి ఎయిర్‌పోర్టులో దింపి వచ్చాను. మాంసం తగ్గించినందుకు నాకిప్పటికీ బాధ లేదు. ఇప్పుడు రోజూ పప్పో శనగలో తింటున్నాను, గుడ్డు మళ్ళీ మొదలుపెట్టాను, చికెన్ నెలకి రెండు ఆదివారాలే. మధ్యాహ్నం రెండు దాటాక కాఫీ ముట్టను. రెండు నెలల్లో మత్తు పోయింది, నిద్ర తిరిగొచ్చింది. అది నా ఒక్కడి అనుభవం, మీ సంగతి మీ డాక్టర్ని అడగండి. నేను బాధపడేది ఆ బండ మీద కూర్చున్న సేపటికి. ఒంట్లో ఓపిక లేకపోవడం ఎవరికైనా ఉంటుంది. అది దాచడానికి ఇంకొకడి చివరి అవకాశాన్ని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. వసంతం వస్తే నేను ఆ కొండ ఎక్కగలను. వాడికి మళ్ళీ వీసా ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో ఇద్దరికీ తెలియదు.

మీరు వెళ్ళేటట్టయితే నీళ్ళు మనిషికి ఒక గ్యాలన్ తీసుకెళ్ళమని ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. కాళ్ళు ఆగిన మొదటి నిమిషంలోనే పక్కవాడితో నువ్వు వెళ్ళు అనండి. నేను నలభై నిమిషాలు ఆలస్యంగా అన్నాను.