మావ తేన్చాకే అత్త భోజనం

1960ల చివర్లో మా మేనమామకు అన్నం దిగే దారిలో రాచపుండు లేచింది. కోటబొమ్మాళి దగ్గర వరి పండించే మనిషి. చివరికి గంజి కూడా దిగక, మింగిన గుక్కను మళ్లీ చెంబులోకి వదిలేసేవాడు. అంతకన్నా ఆయన్ను బాధపెట్టింది మా అత్త ఆకలి. మొగుడు తిన్నాకే తినడం ఆవిడకు పెళ్లినాటి నుంచీ అలవాటు. ఆయనకు గుక్క దిగని రోజున ఆవిడా మజ్జిగతో సరిపెట్టేది.

"రోగం నాకు. తినడానికి నీకేటొచ్చిందే?" అని మావ కసిరేవాడు.

"నాకాకల్లేదు."

"అబద్ధం. నీ పేగులరిసిన సప్పుడు ఈదిలోకి ఇనిపిస్తన్నాది."

విశాఖలో పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్లాను. కోసి నయం చేసే దశ దాటిపోయిందన్నారు డాక్టరు. దారి మూసుకుపోయిన చోట ప్లాస్టిక్ గొట్టం పెడితే పల్చటివి దిగుతాయి, రోగం మాత్రం పోదు అని దాపరికం లేకుండా చెప్పారు.

"ఎట్టీండి బాబూ. నాను తాగితే మాయావిడ తింటాది" అన్నాడు మావ.

గొట్టం పెట్టించుకుని ఇంటికొచ్చాక అత్త చోడి అంబలి, అదే రాగి జావ, పల్చగా కాచి గుడ్డలో వడకట్టింది. గొట్టంలో ఏదీ అడ్డుపడకుండా పైన సోడా తాగమన్నారు డాక్టరు. సోడా పెళ్లివారి షోకని జన్మంతా వెక్కిరించిన మనిషి మావ. స్టేషన్ దగ్గర కొట్లోంచి గోలీసోడాలు తెచ్చిపెట్టాను. గోలీ లోపలికి నొక్కినప్పుడు కీచుమనే ఆ చప్పుడు ఇప్పటికీ నన్ను వాళ్ల వసారాలోకి లాక్కుపోతుంది. ఆ గొట్టం ఆయనకిచ్చింది కొన్ని నెలలే. నాకు గుర్తున్నది మాత్రం మొదటి మధ్యాహ్నం.

అంబలి మెల్లగా తాగాడు. అత్త కళ్లు ఆయన గొంతు మీదే ఉన్నాయి. సోడా పట్టించిన కాసేపటికి మావ ఇల్లదిరేలా తేన్చాడు.

"దిగిపోనాది! ఒరే అల్లుడూ, మీ అత్తకి కంచం ఎట్రా."

ఆవిడ కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్లబోయింది.

"ఇక్కడే కూకో. నాను సూడాలి."

అత్త సిగ్గుపడుతూనే కూర్చుని, ఎండు నెత్తళ్ల చేపల పులుసు అన్నంలో కలుపుకుంది.

"ఉప్పు సరిపోనాదేటి?" అడిగాడు మావ.

"కాస్త ఎక్కువైనాది."

"పులుపో?"

"నువ్వలా సూస్తే నాకు ముద్ద దిగదు. అటు తిరుగు."

మావ తిరగలేదు. గోడకు ఆనుకుని, ఆవిడ కంచం ఖాళీ అయ్యేదాకా చూస్తూ కూర్చున్నాడు.